మరవ మీద ఇసుక మూటలు

నల్లగుట్లపల్లి చెరువు ఇరవై మూడేళ్ళ తర్వాత నిండింది. ఇరవై మూడేళ్ళంటే మాటలు కాదు. ఆ చెరువులో నీళ్ళన్నవి చూడకుండానే పుట్టి, బడికి పోయి, మీసాలు వచ్చినవాళ్ళు ఊళ్ళో సగం మంది ఉన్నారు. వాళ్ళకు చెరువంటే క్రికెట్ ఆడుకునే చోటు, సర్కారు తుమ్మ కంపలు, ఎండకు నిలబడ్డ గొర్రెల మంద. గుడిబండెకూ బాగేపల్లికీ నడుమనున్న ఈ ఊళ్ళో పద్నాలుగు వందల అడుగులు బోరు దింపినా దుమ్మే లేచేది. అలాంటిది ఈ కార్తీకంలో సముద్రంలో ఒకదాని వెనక ఒకటి తుఫాన్లు పుట్టి, ఎప్పుడో చచ్చిపోయాయనుకున్న వంకలు పారి, చెరువు అంచుల దాకా వచ్చేసింది. జనం పళ్ళు తోముకోవడానికి కూడా కట్ట మీదికే పోతున్నారు.

తిమ్మక్క కూడా రోజూ పోయేది. ఆమె నీరుగంటి ఈరప్ప పెళ్ళాం. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూడడం, కట్టకు ఎక్కడ ఎలుక బొరియ పడిందో వెతికి పూడ్చడం నీరుగంటి పని. తాతల నాటి నుంచీ ఆ పని ఈరప్ప ఇంటిదే. చెరువు ఎండిపోయాక పనీ పోయింది, పనికి ఊరు కొలిచిచ్చే రాగులూ పోయాయి. అయినా ఆ మనిషి తెల్లారగానే కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి వచ్చేవాడు. "ఏం ఈరప్పా, దుమ్ముకు తూము తెరుస్తాండావా?" అని ఎగతాళి చేస్తే తానూ నవ్వేవాడు. ఆయన నవ్వేవాడు గానీ తిమ్మక్కకు ఒళ్ళు మండేది. మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. పాడె మోస్తూ కూడా ఎవడో, ఎండిన చెరువు నీరుగంటి పోయినాడప్పా, అన్నాడు. అన్నవాడు మరిచిపోయి ఉంటాడు. ఆమె మరవలేదు.

ఒక్కడే కొడుకు, మోహన్‌కుమార్. ఇరవై ఆరేళ్ళు. టెంపోలో చుట్టుపక్కల ఊళ్ళ టమోటా పెట్టెలు ఎత్తుకుని చింతామణి మార్కెట్టుకు తోలుతాడు. బట్లహళ్ళి నుంచి శృతి అనే పిల్లతో సంబంధం మాట్లాడి ఉన్నారు. పిల్ల తండ్రి పద్ధతైన మనిషే, కానీ మొదటిసారి వచ్చినప్పుడు, "నీరుగంటోళ్ళంటారు, మరి నీళ్ళు యాడుండాయమ్మా?" అని నవ్వులాటకు అడిగాడు. ఆ నవ్వులాట ఆమెకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. ఇప్పుడు నీళ్ళు వచ్చాయి. వచ్చి చూడండి అని బట్లహళ్ళికి వినబడేలా అరవాలని ఉంది ఆమెకు.

అరవడానికి వీలు కూడా కుదిరింది. చెరువు నిండితే మిగులు నీళ్ళు పారిపోవడానికి కట్ట కొసన రాళ్ళతో కట్టిన తగ్గుగట్టు ఒకటి ఉంటుంది, దాన్ని మరవ అంటారు. మరవ మీదుగా మొదటి నీళ్ళు దూకిన దినం ఊరంతా గంగపూజ చేస్తుంది. ముత్తైదువలు చేటల్లో పసుపూ కుంకుమా గాజులూ పెట్టి గంగకు బాగిన, అంటే వాయనం, ఇస్తారు. ఆ తర్వాత ఊరికి వచ్చిన పెద్ద మనిషి మరవ రాయి మీద నిలబడి నీరుగంటికి తలపాగా చుడతాడు. అంత గౌరవం ఈ ఊళ్ళో ఇంకెవరికీ జరగదు. తిమ్మక్క కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఈరప్పకు ఒకసారి జరిగింది. ఆ దినం ఆయన తల ఎత్తుకుని నడిచిన తీరు ఆమెకు ఇంకా కళ్ళముందే ఉంది.

పూజకు శాసకులు, అదే ఎమ్మెల్యే, సోమవారం పది గంటలకు వస్తామన్నారని పంచాయితీ అధ్యక్షుడు కేశవమూర్తి గురువారం మధ్యాహ్నం రచ్చకట్ట దగ్గర అందరినీ పోగుచేశాడు. కేశవమూర్తికి ఎరువుల అంగడి ఉంది. మంచివాడే. పెద్దవాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగాలంటే మాత్రం ఆకలి దప్పులు మరిచిపోతాడు.

"నీళ్ళు మరవకు జానెడు దూరంలో ఉండాయి. శనివారానికే పారతాది. శాసకులు వచ్చేసరికి పారి రెండు దినాలైపోయింటే ఏం బాగుంటాదప్పా? ఆయన కండ్ల ముందర మొదటి నీళ్ళు దూకల్ల. అందుకే మరవ మీద ఇసుక మూటలు మూడు వరసలు పేరుద్దాం. సోమవారం ఆయన చేత్తోనే నడిమి మూట తీయిస్తాం. ఆ నాలుగు దినాల్లో ఇంకా రెండడుగుల నీళ్ళు మనకే మిగుల్తాయి" అన్నాడు.

రెండడుగుల నీళ్ళు అనేసరికి జనం మొహాలు వెలిగిపోయాయి. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఇరవై మూడేళ్ళు ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తినవాళ్ళకు, కళ్ళెదుట ఒక్క చెంబు నీళ్ళు దాటిపోతున్నా ప్రాణం ఒప్పదు. ఒక్క గంగప్ప మాత్రం మెడ అడ్డంగా ఊపాడు. ఆయన ముసలి రైతు, ఈరప్పకు వరసకు అన్న.

"ఈరప్ప ఉంటే ఒప్పుకొనుండడు" అన్నాడు.

అందరూ తిమ్మక్క వైపు తిరిగారు. ఆడవాళ్ళను సభలో అడిగే అలవాటు లేని ఊరు ఆ దినం ఆమెను అడిగింది. రేపు ఏమన్నా అయితే, నీరుగంటి ఇంటివాళ్ళే సరేనన్నారు అనడానికి ఒకరు కావాలి కదా.

"ఏమంటావు తిమ్మక్కా?" అన్నాడు కేశవమూర్తి.

మరవ మీద గులకరాయి పెట్టినా ఈరప్ప ఊరుకునేవాడు కాదు. పసిపిల్లలు ఆటకు రాళ్ళు పేరిస్తే కూడా తరిమేవాడు. చెరువు ఊపిరి తీసుకునే చోటు అది, దాన్ని మూయకూడదనేవాడు. ఆ మాట తిమ్మక్క నాలుక చివరికి వచ్చింది. అక్కడే ఆగింది.

"తలపాగా ఎవరికి చుడతారు?" అని అడిగింది.

నీరుగంటి అనేవాడే లేడని, ఆ గౌరవమేదో అధ్యక్షుడికే చేస్తే పోతుందని లోపల అనుకున్నవాళ్ళున్నారు.

"నా కొడుకుండాడు. ఆ పని వానిదే. వానికి శాసకుల చేత తలపాగా చుట్టిస్తామంటే చెప్పండి" అంది ఆమె.

"అట్లే కానీలేమ్మా. నీ కొడుకే నీరుగంటి."

"అట్లయితే పెట్టుకోండి మూటలు. నాలుగు దినాలే కదా" అంది తిమ్మక్క. గంగప్ప ఆమెను ఒకసారి చూసి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని లేచిపోయాడు.

సాయంత్రానికి మూడు వరసల మూటలు లేచాయి. మోహన్ కూడా మూటలు మోశాడు.

ఆదివారం పొద్దున సన్న తుంపర పడుతుండగా తిమ్మక్క కట్ట వెనక వైపు, ఊరి దిక్కున దిగింది. మొగుడు చేసినట్టే అడుగడుగునా చూసుకుంటూ నడిచింది. తూముకు కొంచెం ఇవతల కట్ట పాదంలో ఊట కనబడింది. నిండు చెరువుకు ఊట ఉండడం తప్పేమీ కాదు. తేటగా ఉన్నంతవరకూ భయపడే పని లేదని, రంగు తిరిగిందంటే మాత్రం లోపల మట్టి కొట్టుకు వస్తోందని ఈరప్ప ఆమెకు కాపురానికి వచ్చిన కొత్తలోనే చూపించాడు. తిమ్మక్క వంగి దోసిట్లో పట్టింది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారిపోయాక అరచేతిలో పిండిలాంటి ఎర్రమట్టి మిగిలింది.

"అమ్మా, ఏం చూస్తాండావు ఆడ?" పైనుంచి మోహన్ పిలిచాడు. రేపటి పూజకు తూము రాళ్ళకు సున్నం కొడుతున్నాడు. చొక్కా నిండా సున్నపు మరకలు.

తిమ్మక్క చేతిని చీరకు తుడుచుకుంది. ఆ క్షణం ఆమె చెప్పి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. పది మంది పది నిమిషాల్లో మూటలు లాగి పడేసేవాళ్ళు. మరవ పొద్దున తొమ్మిదికే పారేది. శాసకులకు ఫోన్ పోయేది, మొదటి నీళ్ళు వెళ్ళిపోయాయని తెలిస్తే ఆయన ఇంకెక్కడికో పోయేవాడు. బట్లహళ్ళి నుంచి పదకొండు మంది రేపు వస్తామని రాత్రే ఫోన్ చేసి చెప్పారు. వాళ్ళు వచ్చి, ఖాళీ షామియానా చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. అంతే, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు.

"ఏం లేదురా. కాలు జారింది" అంది.

పక్కనే పడి ఉన్న తుమ్మ కంప ఒకటి లాగి ఊట మీద కప్పింది. ఒక్క దినమే కదా, రేపు ఈ వేళకు అంతా అయిపోతుంది అనుకుంది. భయం వేయలేదా అంటే వేసింది. కానీ కొడుకు తల మీద తలపాగా చూడాలన్న ఆశ ఆ భయం కంటే పెద్దదిగా ఉంది. ఇంటికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాక కూడా అరచేయి చూసుకుంటూనే ఉంది.

పదకొండు గంటలకు కేశవమూర్తి గొడుగు వేసుకుని వచ్చి ఫోన్‌లో వార్త చూపించాడు. తుఫాను తీరం దాటిందట, బలం తగ్గి వాయుగుండంగా మారిందట. "ఇంకేం భయం లేదు తిమ్మక్కా, తుఫాను నీరసపడిపోయింది. రేపు పూజకు వాన ఉండదు" అన్నాడు. ఊళ్ళో అందరి ఫోన్లలోనూ అదే వార్త తిరిగింది. కుర్రాళ్ళు ఈలలు వేసుకుంటూ షామియానా గుంజలు పాతారు.

తుఫాను బలం తగ్గిందంటే గాలి తగ్గిందని అర్థం. అది మోసుకొచ్చిన నీళ్ళు ఎక్కడికీ పోవు. పరిగెత్తే ఓపిక చచ్చిన తుఫాను దారిలో ఏదో ఒకచోట కూలబడుతుంది, కూలబడిన చోటనే దించుకుంటుంది. సముద్రం పక్కన బతికేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మూడు వందల కిలోమీటర్ల ఇవతల, వాన కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసే ఊరికి ఎలా తెలుస్తుంది?

పన్నెండు గంటలకు ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చెరువు మీద ఒక్క అల లేదు. గుడిబండె దిక్కున ఆకాశం కొండనూ మింగేసి, అటు ఏముందో కనబడకుండా పోయింది. ఇళ్ళల్లో లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. అంతసేపూ అరిచిన కుక్కలు అరుగుల కిందికి దూరి ఊరుకున్నాయి. గంగప్ప తన ఆవులను విప్పి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, బడి ఉన్న మిట్ట మీదికి తోలుకుపోయాడు. "ఏమప్పా, ఆవులకు కూడా చదువు చెప్పిస్తాండావా?" అని ఎవరో అంటే పది మంది నవ్వారు.

తర్వాత వాన మొదలైంది. చినుకులంటూ లేవు. ఎవరో పైన నిలబడి ఆపకుండా కుమ్మరించినట్టు పడింది. ఒంటిగంటకు వీధులు వంకలయ్యాయి. రెండు గంటలకు షామియానా నీళ్ళ బరువుకు కూలిపోయింది. తిమ్మక్క వాకిట్లో నిలబడి కట్ట వైపే చూస్తోంది. తుమ్మ కంప తప్ప ఆమె కళ్ళకు ఇంకేమీ ఆనడం లేదు. చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి అనుకుంటూనే, పొద్దున ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక గడప దాటలేకపోయింది.

మూడు గంటలకు కేశవమూర్తి ఫోన్ మోగింది. అది ఎగువూరి నుంచి. నాలుగు మైళ్ళ పైన ఆ ఊరి చెరువుంది. అక్కడ నిండి మిగిలిందే ఇక్కడికి వస్తుంది.

"మా కట్ట తెగిందన్నా. మొత్తం మీ దిక్కే వస్తాండాది. గంటలోపల మీకు తగుల్తాది" అని అవతలి మనిషి ఏడుస్తున్నాడు.

ఆ మాట ఊళ్ళో పడగానే పిల్లలనూ ముసలివాళ్ళనూ ఎత్తుకుని జనం బడి మిట్టకు పరిగెత్తారు. మగవాళ్ళు మరవ దగ్గరికి పరిగెత్తారు. నీళ్ళు మూడో వరస మూటలను దాటి జారుతున్నాయి. కట్ట మీద కొన్ని చోట్ల నీటికీ కట్ట అంచుకూ మధ్య మూరెడు ఎత్తు కూడా లేదు. తూము తెరవబోతే ఇరవై మూడేళ్ళ పూడికలో తుప్పుపట్టిన కడ్డీ కదల్లేదు. కేశవమూర్తి బాగేపల్లికి ఫోన్ చేసి జేసీబీ పంపమన్నాడు. వంతెన మీద నీళ్ళు పోతున్నాయి, రాలేనన్నాడు డ్రైవరు. అగ్నిమాపక దళం బండి వస్తోందన్నారు గానీ అదీ ఆ వంతెన అవతలే ఉంది.

మూటలు తీయాలి. తీయకుంటే కట్ట మొత్తం తెగుతుంది, కట్ట కిందున్న నూట ఇరవై ఇళ్ళూ పోతాయి. అది చిన్న పిల్లవాడికి కూడా అర్థమైంది. అయితే మరవ రాళ్ళు పాచి పట్టి ఉన్నాయి. మూటల మీద నీళ్ళు దూకుతున్నాయి. అవతల పది అడుగుల దిగుడు, దాని కింద బండలు.

"నీరుగంటి యాడ?" అన్నారెవరో.

అన్నది ఎవరో తిమ్మక్కకు కనబడలేదు. ఆమె అప్పుడే పడుతూ లేస్తూ అక్కడికి చేరింది. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. "నీరుగంటి యాడప్పా?" "మోహన్ యాడ?" "పిలవండప్పా!" మూడేళ్ళుగా ఆమె వినాలని కోరుకున్న మాట అది. ఇన్ని గొంతులు ఒక్కసారిగా తన కొడుకును ఆ పేరుతో పిలవడం ఇదే మొదటిసారి.

మోహన్ అప్పటికే షామియానా తాడు నడుముకు కట్టుకుంటున్నాడు. చేతిలో కొడవలి ఉంది. నానిన మూటలు ఎత్తడం అయ్యే పని కాదని, కోసేస్తే ఇసుక తానే కొట్టుకుపోతుందని పక్కవాళ్ళకు చెబుతున్నాడు. తాడు రెండో కొస నలుగురు పట్టుకున్నారు. తిమ్మక్క వచ్చి కొడుకు చేయి పట్టుకుంది.

"నువ్వు వద్దురా. టెంపో తోలేటోనికి మరవ ఏం తెలుసు? నేను పోతా."

"చిన్నప్పుడు నాయన వెంట ఎన్నిసార్లు నడవలేదమ్మా దాని మీద. యాడ కాలు పెట్టల్లో నాకు తెలుసు."

"నేను వద్దంటి కదా!"

"నిన్ను పంపించి నేను గట్టున నిలబడల్లనా? అందరూ చూస్తాండారు. వదులు."

ఆమె వాడి మెడ వంచి చెవిలో నోరు పెట్టింది. వాన చప్పుడుకు పక్కవాళ్ళకు వినబడే అవకాశం లేదు. "కట్ట నిలవదు నాయనా. తూము పక్క ఊట ఎర్రగా తిరిగిండాది. నేను పొద్దునే చూసినా. నువ్వు మూటలు తీసినా అది పోయేదే. రా, మనం మిట్టకు పోదాం. నీ కాళ్ళు మొక్కుతా, రారా."

మోహన్ తల వెనక్కి తీసి ఆమె మొహం చూశాడు.

"పొద్దునే చూసినావా?"

వాడికి కోపం వచ్చి ఉంటే బాగుండేది, ఒక మాట తిట్టి ఉన్నా బాగుండేది. వాడు ఆమెను ఇంతకుముందు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ తన చేతి మీద నుంచి విడదీశాడు.

"అట్లయితే ఇంకా తొందరగా తీయల్ల" అని దిగాడు.

తిమ్మక్క తాడు పట్టుకున్నవాళ్ళలో ఐదో మనిషి అయింది. మోహన్ వంగి, ఒక చేత్తో రాళ్ళ సందులు పట్టుకుంటూ మరవ నడిమికి చేరాడు. నిజంగానే ఎక్కడ కాలు పెట్టాలో వాడికి తెలుసు. మొదటి మూట కోశాడు, ఇసుక ఎర్రగా జారిపోయింది. రెండోది, మూడోది కోశాడు. సందు పడిన చోట నీళ్ళు బలంగా దూకాయి. గట్టు మీద జనం అరిచారు. ఎగువ నుంచి ఏదో రొద వినబడుతోంది, లారీలు వరసగా వస్తున్నట్టు. "చాలు, వచ్చేయప్పా!" అని కేశవమూర్తి గొంతు చిరిగేలా అరిచాడు. మోహన్ చేయి ఎత్తి, ఇంకొక్కటి అన్నట్టు సైగ చేసి, కింది వరస మూటలోకి కొడవలి దించాడు.

ఆ మూటతో మిగిలినవన్నీ ఒక్కసారి కదిలాయి. నీళ్ళే వాటిని నెట్టేశాయి. తాడు ఐదుగురినీ మోకాళ్ళ మీదికి లాగింది. తిమ్మక్క అరచేతుల చర్మం లేచిపోయింది. ఆమె వదల్లేదు, ఎవరూ వదల్లేదు. రెండు ముక్కలు కలిపి వేసిన ముడి దగ్గర తాడు జారింది. చేతుల్లో అంతసేపూ ఉన్న బరువు లేకుండా పోయింది.

ఎగువూరి నీళ్ళు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే మరవ మీదుగా దూకిపోయాయి. కట్ట నిలిచింది. సాయంత్రానికి చెరువు రెండడుగులు దిగింది, తూము పక్క ఊట కూడా సన్నబడింది. నిలవదు అని ఆమె కొడుకు చెవిలో చెప్పిన మాట కూడా అబద్ధమే అయింది. నూట ఇరవై ఇళ్ళల్లో ఒక్క గోడ కూడా పడలేదు.

మోహన్ మంగళవారం దొరికాడు, రెండు మైళ్ళ దిగువన తుమ్మ కంపల్లో. శాసకులు తలపాగా చుట్టడానికి రావాల్సినవారు పూలదండ వేయడానికి వచ్చారు. శృతి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, మోహన్ ఫోన్‌కు ఛార్జింగు పెట్టి అలాగే చేతిలో పట్టుకుంది. పక్క ఊళ్ళ నుంచి, బాగేపల్లి నుంచి జనం వచ్చారు. ఊరిని కాపాడిన బిడ్డను కన్నావు తల్లీ, అని అందరూ ఒకటే మాట.

"నేనే చంపుకున్నా" అంది తిమ్మక్క. "ఊట ఎర్రగా తిరిగింది పొద్దునే చూసినా. చెప్పలేదు. కంప కప్పినా."

"అట్లనకూడదమ్మా" అన్నారు. "దుఃఖంలో ఏందో అంటాండాది పాపం" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. శృతి తండ్రికి చెబితే ఆయన కళ్ళు తుడుచుకుని, అంతటి అల్లుడు మాకు రాసిపెట్టి లేడమ్మా అన్నాడు. కేశవమూర్తికి చెబితే తల పక్కకు తిప్పుకున్నాడు. ఊరికి ఒక వీరుడు దొరికాడు, వాణ్ణి వదులుకోవడం దానికి ఇష్టం లేదు. తల్లి చెప్పింది నిజమని ఒప్పుకుంటే మూటలు పెట్టించినవాళ్ళు, మోసినవాళ్ళు, చప్పట్లు కొట్టినవాళ్ళు అందరూ తలలు దించుకోవాల్సి వస్తుంది. దానికంటే ఆమెకు మతి చెదిరిందనుకోవడం సులువు. విన్నవాడు, నమ్మినవాడు ఒక్కడే. ఆ కొడుకు ఒక్క తిట్టు కూడా తిట్టకుండానే పోయాడు.

పదకొండో దినం గడిచాక వానలు నిలిచిపోయాయి. మరవ మీద నీళ్ళు చీలమండ లోతున, తేటగా పారుతున్నాయి. కట్ట మీద నడుస్తున్న తిమ్మక్కకు దూరం నుంచే అక్కడ మనుషులు కనబడ్డారు. ఎనిమిది మంది దాకా ఉన్నారు. పక్కన ట్రాక్టరు, దాని నిండా ఇసుక మూటలు. ఒకరిద్దరు అప్పటికే భుజాన మూట వేసుకుని దిగుతున్నారు. ఆ దినం మెడ అడ్డంగా ఊపిన గంగప్ప కూడా వాళ్ళల్లో ఉన్నాడు.

ఆమెను చూసి అందరూ ఆగారు.

"ఒక్క వరసే తిమ్మక్కా" అన్నాడు కేశవమూర్తి. "తుఫాన్లు అయిపోయినాయి కదా. నీళ్ళంతా ఊరికే పోతాండాయి. ఒక్క అడుగు నిలబెట్టుకుంటే ఎండాకాలం బోర్లకు ఊట వస్తాది. మోహన్ పేరు కూడా పెడదామనుకుంటాండాం ఈ చెరువుకు."

తిమ్మక్క వాళ్ళ నడుమ నుంచి నడిచి మరవ రాళ్ళ మీదికి దిగింది. పాచి మీద కాలు జారింది, నిలదొక్కుకుంది. నడిమికి పోయి, పారే నీళ్ళల్లో, మూటలు పేర్చే చోటనే కూర్చుంది. చీర తడిసి నీళ్ళ వెంట ఆడుతోంది.

"లేమ్మా, జారతావు" అన్నాడొకడు.

"ఆ పొద్దు చూసి కూడా చెప్పలేదు నేను" అంది ఆమె. "ఇప్పుడు చెప్తాండా. నా మాట నమ్మితే నమ్మండి, లేకుంటే నన్ను కూడా కలిపి పేర్చండి. ఈ మరవ మీద మూట పెట్టనియ్యను."

గంగప్ప అందరికంటే ముందున్నాడు, భుజాన మూట ఉంది. ఆయన ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. కంప మాట ఆయనా విన్నాడు, అందరిలాగే పిచ్చిమాట అనుకున్నాడు. ఇప్పుడు ఆయన కళ్ళల్లో అది నిజమన్న సంగతి దిగడం తిమ్మక్కకు కనబడింది. దానితో పాటే అసహ్యం కూడా కనబడింది. ఆమె తల దించుకోలేదు. ఈ పదకొండు దినాల్లో ఎవరైనా తనను అలా చూడాలనే ఆమె కోరుకుంది.

గంగప్ప వెనక్కి తిరిగి గట్టెక్కి, మూటను ట్రాక్టరులో వేశాడు. కాసేపటికి మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరుగా వేశారు.